తీగ పీకిన పాట

నల్గొండలో కలెక్టరాఫీసుకు పోయే తోవలో ఒక జిరాక్స్ దుకాణం ఉండేది. లోపలి ఇరుకు మెట్లు ఎక్కితే పైన ఒక గది, అందులో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక పాత కంప్యూటరు, రెండు పెద్ద స్పీకర్లు. ఐదారేళ్ల పాటు ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేం నలుగురం అక్కడ కూర్చుని, సగం మాటలు అర్థం కాని ఇంగ్లిషు రాక్ పాటల కోసం గొంతులు పోయేలా కొట్లాడుకున్నాం. ఏ ఆల్బమ్ గొప్పది, ఏది ఉత్తదే, ఎవరు దేన్ని నెత్తికెత్తుకుని మోస్తున్నారు, ఇదే మా లోకం. ఆ గదిలో నేను చేసిన పని ఒకటుంది. దాని గురించే రాస్తున్నాను.

అప్పటికి నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటును. తెలంగాణ వచ్చాక పడిన నోటిఫికేషన్లో దొరికిన ఉద్యోగం. మా అమ్మా బాపూ పత్తి చేన్లలో కూలికి పోయినవాళ్లు. మా ఇంట్లో ఇస్త్రీ అంగీ వేసుకుని పనికి పోయిన మొదటి మనిషిని నేనే. ఆ గర్వం నాలో కొంచెం ఎక్కువగానే ఉండేదని ఇప్పుడు తెలుస్తోంది.

దుకాణం యజమాని మాకంటే పదేళ్లు పెద్ద. భూములున్న వ్యవసాయ కుటుంబం. హైదరాబాదులో డిగ్రీ చదివే రోజుల్లో ఈ పాటల పిచ్చి పట్టుకుని, ఊరికి తిరిగొచ్చాక వినేవాళ్లు లేక ఒంటరిగా మిగిలిన మనిషి. అందరం అన్న అనేవాళ్లం. మూడో మనిషి డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పే లెక్చరర్. నారాయణపేట దగ్గర నేతగాళ్ల కుటుంబంలో పుట్టిన ఆమె. ఒకరోజు ప్రశ్నాపత్రాలు జిరాక్స్ చేయించుకోవడానికి వచ్చి, పైనుంచి దిగుతున్న పాట విని, "అన్నా, పైన గిది పెట్టిందెవరు? నాలుగో పాట దాంక ఆపకుండ్రి, వస్తున్న," అంటూ మెట్లెక్కింది. ఆ రోజు నుంచి ఆమె మా మేడం.

నాలుగోవాడు నా దోస్తు. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా నల్గొండ హాస్టల్లో ఒకే గదిలో, పక్కపక్కన చాపలేసుకుని పడుకున్నాం. మా ఇద్దరివీ పక్కపక్క ఊళ్లు. ఇద్దరివీ ఊరి చివరి ఇళ్లే. వాళ్లది క్రైస్తవ కుటుంబం. వాళ్ల నాయిన పెళ్లికీ చావుకీ డప్పు కొట్టేవాడు. వీడు పదేళ్లకే చర్చిలో డ్రమ్ములు వాయించడం నేర్చుకున్నాడు. 

మాకు ఈ పాటలు దొరికిన తీరు చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. హాస్టల్ వంటమనిషి సికింద్రాబాదు ఫుట్‌పాత్ మీద పాత టేప్ రికార్డరు ఒకటి కొన్నాడు. దానిలో ఎవరిదో ఒక క్యాసెట్ ఉండిపోయింది. పెట్టె లేదు, పైన రాసిన పేరు చెరిగిపోయింది. ఆ క్యాసెట్ ఎవరు పాడిందో తెలియకుండానే మేం రెండేళ్లు విన్నాం. వంటమనిషి, "ఏం అరుపులు రా నాయినా, పంది గొంతు కోసినట్టు," అని తిట్టేవాడు. నా దోస్తు మాత్రం టేప్ రికార్డరుకు చెవి ఆనించి పడుకుని, "పాడేటాయన్ని ఇడిసిపెట్టు. ఎనక కొట్టేటాయన్ని ఇను," అనేవాడు.

పేర్లు తెలియని అలవాటు అట్లాగే మిగిలిపోయింది. తర్వాత ఫోన్లు వచ్చి, నెట్ వచ్చి, ప్రతి ఆల్బమ్ పేరూ తెలిసినా, మేం పెట్టుకున్న పేర్లతోనే పిలుచుకునేవాళ్లం. అట్ట మీద చెట్టు కింద ఎవరూ కూర్చోని కుర్చీ బొమ్మ ఉన్నది "ఖాళీ కుర్చీ". మొదటి పాటలో వాన చప్పుడు ఉన్నది "వాన". మేడం ప్రాణం పెట్టే నిదానపు పాటలది "జ్వరం". అన్నకిష్టమైనది, గిటార్ మోత తప్ప ఇంకేమీ లేనిది, "బోరుబండి".

గొప్ప కాకుండానే గొప్పగా చలామణి అయ్యే ఆల్బమ్‌ని ఏమనాలనే దాని మీద కూడా ఒక గొడవ జరిగింది. మొదట్లో అన్న "ఉత్త డప్పు" అనేవాడు. ఒక ఆదివారం నా దోస్తు కుర్చీలోంచి లేచాడు.

"అన్నా, ఇంకో మాట జూసుకో. డప్పు ఉత్తది గాదు."

"అరే, సామెత లెక్క అన్న తమ్మీ. నిన్నన్ననా?"

"నన్నంటె పడ్త. మా నాయిన మంట పెట్టి, కాకకు సరిజేసి, ఏలు పగిలేటట్టు కొట్టిండు. మీ ఇండ్లల్ల పెండ్లి జరిగినా పీనిగె లేసినా గా డప్పే గావాల్సి వచ్చింది. ఉత్తదెట్లయితది?"

అన్న ముఖం ఎర్రబడింది గానీ తప్పు ఒప్పుకున్నాడు. మేడమే ఇంకో మాట ఇచ్చింది. "పొంగు అందాం. పాలు పొంగినప్పుడు గిన్నె నిండ కనిపిస్తయి. దించి సూస్తె సగమే ఉంటయి." ఆ రోజు నుంచి మా గదిలో పొంగు అనడం కంటే పెద్ద తిట్టు లేదు.

మా నలుగురిలో చెవి అంటే వాడిదే. నేను మాటలు వెతుక్కునేవాణ్ని, నిఘంటువు ముందు పెట్టుకుని. అన్న గిటార్ వెంట పరుగెత్తేవాడు. మేడం, ఒక ఆల్బమ్ మొత్తం మీద ఒక మనిషి ఎట్లా చెడిపోయాడో చెప్పగలిగేది. వాడు మాత్రం నిజంగా వినేవాడు. "రెండో పాటల, పాడుడు ఆగినంక, డ్రమ్ములాయన ఒక్క ఎంట్రుక మందం లేటు కొట్టిండు. కావాల్ననే కొట్టిండు. గందుకే మన గుండె జారుతది," అనేవాడు. వెనక్కి తిప్పి పెట్టి వింటే నిజంగానే అక్కడ ఆ జారుడు ఉండేది. అప్పటిదాకా ఆ పాటను వంద సార్లు విన్న నాకు అది తెలియలేదు. ఖాళీ కుర్చీని మాకు ఇష్టం చేసింది కూడా వాడే. డ్రమ్స్ పక్కన వేలాడే ఇత్తడి పళ్లేల చప్పుడు ఒక్కో పాటలో ఒక్కో రకంగా ఎట్లా రాలుతుందో చెప్పాడు. ఒకదానిలో బియ్యం చాటలో పోసినట్టు, ఒకదానిలో రేకుల మీద మొదటి చినుకులు పడ్డట్టు.

వాడి చదువు ఇంటర్ దగ్గరే ఆగిపోయింది. మిర్యాలగూడ వైపు ఒక సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనికి చేరాడు. అక్కడ ఇనుప గుండ్లు నింపిన పెద్ద పీపా ఒకటి తిరుగుతూ రాయిని పొడి చేస్తుంది. దాని పక్కనే వాడి పని. ఒకసారి వాడికి అన్నం డబ్బా ఇవ్వడానికి గేటు దాకా పోయాను. అంత దూరాన నిలబడినా నా పళ్లు అదిరాయి. 

"చెవులకు ఏమన్న ఇచ్చిండ్రారా?" అని అడిగాను.

"ఇచ్చినట్టే ఇచ్చిండ్రు. కొత్తల రబ్బరు బుడిపెలు ఇచ్చిండ్రు, పోయినంక మల్ల ఇయ్యలే. దూది పెట్టుకుంటున్న. అలవాటయితది తియ్యి," అని నవ్వాడు. 

నేనూ నవ్వాను. ఇంకేమీ అడగలేదు.

అట్లా ఏళ్లు గడిచాయి. తర్వాత కరోనా వచ్చింది. దుకాణం మూతబడింది. మా ముచ్చట్లు వాట్సాప్ గ్రూపులోకి మారాయి. అక్కడ వాడు అంతకుముందు కంటే ఎక్కువ రాసేవాడు. ఏ ఏడాది, ఏ స్టూడియోలో, ఎన్ని రోజుల్లో రికార్డు చేశారో, డ్రమ్ములు వాయించిన మనిషికి ఆ రోజుల్లో ఏం కష్టమొచ్చిందో, పేరాలు పేరాలు. వీడు ఎప్పుడు ఇంత చదివాడా అని ఆశ్చర్యపోయాం. వాయిస్ మెసేజ్ పెడితే మాత్రం జవాబు ఇచ్చేవాడు కాదు. "టైప్ జెయ్యిండ్రి, ఫోన్ స్పీకర్ ఖరాబయింది," అని రాసేవాడు.

రెండో విడత తగ్గాక మళ్లీ గదిలో కలిశాం. అందరి మూతులకూ మాస్కులు. వాడు మారిపోయాడు. మేం ఒకటి మాట్లాడుతుంటే ఇంకొకటి చెప్పేవాడు. పేరు పెట్టి పిలిచినా తల తిప్పేవాడు కాదు. ఒకసారి మేడం వాళ్లమ్మ చనిపోయిన సంగతి చెబుతోంది. వాడు మధ్యలో, "అవునవును, మూడో పాట మంచిగుంటది," అన్నాడు. నాకే సిగ్గనిపించింది, వాడి తరఫున. దిగిపోయేటప్పుడు అన్న నా చెవిలో, "నీ దోస్తుకు బాగ తలకెక్కింది. గ్రూపుల నాలుగు ముక్కలు రాసేసరికి మనం కంటికి ఆనుతలేం," అన్నాడు. నేను కాదనలేదు. నాకూ అట్లాగే తోచింది.

ఆ మాట వాడివైపు నుంచి ఇంకో రకంగా ఎందుకు ఆలోచించలేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. ఏడేళ్లు పక్కపక్కన పడుకున్నాం. వాడికి జ్వరమొస్తే వాడికంటే ముందు నాకు తెలిసేది.

తర్వాతి నెలలో ఒక ఆదివారం వాడు ఖాళీ కుర్చీని పొంగు అన్నాడు.

ఎవరూ అడగకుండానే అన్నాడు. అన్న కొత్త స్పీకర్లు తెచ్చిన రోజది. ఖాళీ కుర్చీ మొత్తం పెట్టి విన్నాం. చివరి పాట అయిపోయాక వాడు నేలకేసి చూస్తూ, "గిది పొంగే. ఇన్నొద్దులు మనం ఊకెనే మోసినం. పళ్లేల చప్పుడే లేదు. మొత్తం మీద దుప్పటి కప్పినట్టున్నది. సరిగ రికార్డు జెయ్యలేదు," అన్నాడు.

అన్న మాస్కు లాగేసి భగ్గుమన్నాడు. "పళ్లేలు లేవా? నువ్వే గదా మాకు పళ్లేలు ఇనుడు నేర్పింది!"

"అప్పుడు చిన్నతనం. ఇప్పుడు తెలుస్తున్నది," అన్నాడు వాడు, ఎవరి ముఖమూ చూడకుండా.

నాకు పట్టరాని కోపం వచ్చింది. అది వాడి ఆల్బమ్ మాత్రమే కాదు, నాది కూడా. హాస్టల్లో మేం ఇద్దరం మొదటిసారి పేరు తెలుసుకుని, వెతికి సంపాదించిన ఆల్బమ్ అది. "నువ్వు ఇనుడు ఎప్పుడో బంద్ జేసినవ్ రా. నెట్ల సదివి మాకు చెప్తున్నవ్," అన్నాను. వాడు విన్నాడో లేదో తెలియదు. మాస్కు లోంచి అన్నాను మరి.

ఆ వారమంతా నేను దాని గురించే ఆలోచించాను. ఆఫీసులో ఫైళ్లు ముందేసుకుని కూర్చుని కూడా అదే. వాడు అబద్ధమాడుతున్నాడని, పాటలు వినకుండానే గొప్పలు పోతున్నాడని నిరూపించాలి. ఆలోచన నాదే. అన్నకు ఫోన్ చేసి చెప్పింది నేనే. ఆయన నవ్వి సరేనన్నాడు. మేడంకు చెప్పలేదు, చెబితే ఒప్పుకోదని తెలుసు.

మరుసటి ఆదివారం వాడు రాకముందే నేను స్పీకర్ల తీగను కంప్యూటరు వెనకనుంచి పీకాను. పక్కింట్లో ట్యూషన్ నడుస్తోందని, చప్పుడు తక్కువ పెడుతున్నామని వాడికి చెప్పాలని అనుకున్నాం. వాడు వచ్చాడు. తల దువ్వుకుని, చర్చికి వేసుకున్న తెల్లంగీతోనే వచ్చాడు. మేడం ఇంకా రాలేదు. పైన ఫ్యాను గరగరమంటోంది. అన్న మాస్కు కిందికి జరిపి, కంప్యూటరు తెర మీద వాన ఆల్బమ్ ఐదో పాట చూపించి, "గిది ఇని చెప్పు తమ్మీ. పక్కింట్ల ట్యూషన్ పిల్లలున్నరు, నిమ్మళంగ పెడుతున్న," అన్నాడు. 

తెర మీద గీత నడవడం మొదలైంది. నేను తల ఊపాను, పాటకు ఊపినట్టు. అన్న కూడా ఊపాడు. వాడు మా ఇద్దరి తలలూ చూశాడు. ఒక క్షణం ఆగి, వాడూ ఊపాడు. మోకాలి మీద వేళ్లతో తాళం వేశాడు. అది సరైన తాళం. గీత సగానికి వచ్చినప్పుడు, పాటలో డ్రమ్ములు ఆగే చోట వాడి వేళ్లు ఆగాయి. మళ్లీ మొదలయ్యే చోట మొదలయ్యాయి. నాలుగున్నర నిమిషాల పాటను వాడు తల లోపల ఒక్క దెబ్బ తప్పకుండా వాయించాడు. ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

అక్కడే నేను ఆపాల్సింది. అయినా ఆపలేదు.

పాట అయిపోయింది. "ఎట్లున్నది?" అని అడిగాను.

"మంచిగున్నది. గీ కొత్త స్పీకర్లల్ల ఇంక మంచిగున్నది. గా మధ్యల ఆగి మల్ల అందుకునే కాడ చూసినవా..." 

అన్న ఫక్కున నవ్వాడు. నేను వంగి తీగ తీసి, పైకెత్తి వాడికి చూపించాను.

వాడు తీగను చూశాడు. తర్వాత కంప్యూటరు వెనక చూశాడు. ముందు కొంచెం నవ్వబోయాడు, ఏదో సరదా అనుకుని. ఆ నవ్వు మధ్యలో ఆగిపోయింది. చెవుల దగ్గర చర్మం ఎర్రబడటం నాకు కనిపించింది. గొంతు చాలా చిన్నగా చేసి అడిగాడు.

"మీకెప్పటి సంది ఎర్క?"

మాకు ఏమీ ఎరుక లేదు. వాడు దేని గురించి అడుగుతున్నాడో కూడా ఆ క్షణంలో మాకు తెలియలేదు. వాడు లేచి, చెప్పులు వేసుకోవడంలో తడబడి, ఒకటి చేతిలో పట్టుకుని మెట్లు దిగాడు. సగం మెట్ల మీద మేడం ఎదురైంది. ఆమె పలకరిస్తే పలకలేదు. ఆమె పైకి వచ్చి, నా చేతిలో ఇంకా వేలాడుతున్న తీగను చూసింది. 

"ఏం జేసిండ్రు?" 

చెప్పాం. అన్న ఇంకా దాన్ని నవ్వులాటగానే చెప్పబోయాడు. ఆమె కుర్చీలో కూలబడింది.

"మా నాయిన భీవండిల పదిహేనేండ్లు పవర్‌లూమ్ మీద పనిజేసిండు. ఇంటికొచ్చినంక మా అమ్మ మూతి దిక్కు సూసేటోడు, కండ్ల దిక్కు గాదు. మూతి కదిలితెనే సమజయ్యేది. గీ పిలగాడు మాస్కులు పెట్టినప్పటి సంది గట్లనే సూస్తుండు. నాకు అనుమానముండె. అడిగితె బాధపడతడని ఊకున్న. మీరు గిట్ల అడుగుతరనుకోలె," అంది. 

బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం గ్రూపులోంచి వాడు వెళ్లిపోయినట్టు ఒక చిన్న లైను కనిపించింది, అంతే.

ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఎత్తినా ఏం వింటాడన్న సంగతి నాలుగోసారి చేసేటప్పుడు గుర్తొచ్చింది. మెసేజులు చూశాడు, జవాబు లేదు. పది రోజుల తర్వాత వాళ్ల ఊరికి పోయాను. వాడు డ్యూటీలో ఉన్నాడు. వాడి భార్య ఇంటి ముందు పత్తి గింజలు తీస్తోంది. నన్ను చూసి లేచి నిలబడింది గానీ, ఎప్పటిలా "కూర్చో అన్నా" అని అనలేదు.

"చెల్లె, వానికి..." అని మొదలుపెట్టాను.

"మూడేండ్లాయె అన్నా. ముందుగాల చెవుల జోరీగ మోగినట్టు మోగుతుందన్నడు. తర్వాత పిలిస్తె పలుకకపాయె. పెద్ద దవాఖానకు పోతె, లోపటి నరం దెబ్బతిన్నది, మల్ల రాదన్నరు. ఫ్యాక్టరీల ఎవలకన్న తెలిస్తె తీసేస్తరని నాతోని ఒట్టు పెట్టించుకున్నడు."

"మాకన్న చెప్పొద్దా?"

ఆమె అప్పుడు నా ముఖంలోకి చూసింది. "మీకు అసలే చెప్పొద్దన్నడు. ఆయనకు వారం రోజులల్ల మిగిలింది గా ఒక్క ఆదివారమే అన్నా. శనివారం రాత్రంత ఫోన్ల సదువుకునేటోడు. మీరేం మాట్లాడుతరో, ఆయనేం జెప్పాల్నో కాయితం మీద రాసుకునేటోడు. పరీచ్చకు పోయినట్టు పోయేటోడు. ఒక్కనాడు మాత్రం మస్తు సంబురంగ వొచ్చిండు. గీయాల్ల సదివింది చెప్పలే, నా చెవికి ఎంతొచ్చిందో గంతే చెప్పిన అన్నడు. అందరు కోపానికొచ్చిండ్రట. అయినా సంబురంగనే ఉండె."

అది ఖాళీ కుర్చీని పొంగు అన్న రోజు. నేను ఆమె ముందు నిలబడలేకపోయాను. బండి స్టార్ట్ చేసుకుని వచ్చేశాను.

ఆ తర్వాత నేను చేసింది మంచి చేయాలనే చేశాను. ఆఫీసులో ఉన్నవాణ్ని, నాకు దారులు తెలుసు. వినికిడి లోపానికి సర్టిఫికెట్ ఇస్తారు, దానితో పింఛను వస్తుంది, చెవికి పెట్టుకునే మిషను కూడా ఇస్తారు. దరఖాస్తు నేనే నింపాను. వాడి భార్యకు నచ్చజెప్పాను. మూడుసార్లు పోయాక వాడు ఒప్పుకున్నాడు, నా మొహం చూడకుండా సంతకం పెట్టాడు. నల్గొండ దవాఖానలో క్యాంపు రోజు వాడి పక్కనే నిలబడ్డాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినిపిస్తే చెయ్యెత్తమన్నారు. అద్దం ఇవతల, పరీక్ష చేసే మిషను పక్కన నిలబడ్డ నాకు ఆ సన్నటి కూతలు వినిపిస్తూనే ఉన్నాయి. వాడి చెయ్యి ఒడిలోనే ఉంది.

సర్టిఫికెట్ వచ్చింది. పింఛను వచ్చినవాళ్ల లిస్టు గ్రామ పంచాయతీ గోడకు అంటించారు. ఆ ఊరి నుంచి అదే ఫ్యాక్టరీకి పోయేవాళ్లు ఇంకో ఆరుగురు ఉన్నారు. వారం తిరక్కుండానే కాంట్రాక్టరు వాణ్ని పిలిచి, మిషన్ల నడుమ చెవిటివాణ్ని పెట్టుకుంటే రేపేదన్నా అయితే ఎవరు జవాబుదారీ అని, రావద్దని చెప్పాడు. వాడి చెవులు పోయింది అక్కడేనని చెప్పడానికి మా దగ్గర ఏ కాయితమూ లేదు. హాజరు పుస్తకంలో వాడి పేరు కూడా సరిగ్గా లేదు. నేను మేడంతో కలిసి లేబర్ ఆఫీసుకు తిరిగాను. వాళ్లు విన్నారు, రాసుకున్నారు. ఆ రాసుకున్నది ఎటు పోయిందో తెలియదు. ఇచ్చిన మిషను పెట్టుకుంటే చెవిలో గాలి హోరు తప్ప మాట రావడం లేదని వాడు తీసి పెట్టేశాడు.

తర్వాత వాడు బత్తాయి తోటల్లో పనికి కుదిరాడు. సీజనులో కాయలు తెంపడం, మార్కెట్లో పెద్దవీ చిన్నవీ ఏరడం. ఒక పొద్దున నేను మార్కెట్‌కు పోయి, వాడి ఎదుట, కాయల కుప్ప అవతల కూర్చున్నాను. జేబులోంచి కాయితం తీసి ఇచ్చాను. రెండు పేజీలు రాసుకుపోయాను. తప్పయింది, నాకు తెలియదు, తెలిసినా చేయకూడనిది, ఇట్లా. వాడు చేతులు తుడుచుకుని, మొత్తం చదివాడు. తిరిగి మడిచి నాకే ఇచ్చాడు. వాడి గొంతు ఇప్పుడు ఒకసారి పెద్దగా, ఒకసారి చిన్నగా వస్తోంది. పక్క కుప్పల దగ్గరి వాళ్లంతా మా వైపు చూశారు.

"తప్పే. నువ్వు జేసింది తప్పే. మల్ల మల్ల రాయకు."

నేను తల ఊపాను. వాడు మళ్లీ కాయలు ఏరడం మొదలుపెట్టాడు. కొంతసేపటికి తలెత్తి, "ఒక్కటి జెప్పు. ఖాళీ కుర్చీల పళ్లేలు నిజంగనే ఇనొస్తున్నయా? గిప్పుడు కూడ?" అని అడిగాడు.

వినిపిస్తున్నాయని తల ఊపాను. 

"అయితె పొంగు గాదు. అన్నకు జెప్పు," అన్నాడు. "చెవులు పోయినయని ఎర్కనే, అయినా అప్పుడు తప్పు చెవులదనుకోలె. ఆల్బమే గట్లుంటదేమో, ఇన్నేండ్లు మనమే మోసపోయినమేమో అనుకున్న. గట్లనుకుంటె జర పాణానికి మంచిగుండె."

మేస్త్రి వాడి భుజం తట్టి అవతలి కుప్ప చూపించాడు. వాడు లేచి పోయాడు. నేను కూర్చున్న చోటు కూడా వేరే లారీ కోసం ఖాళీ చేయమన్నారు.

అన్నకు చెప్పాను. అప్పటికే మేడం రావడం మానేసింది. తర్వాత ఆమెకు మహబూబ్‌నగర్ బదిలీ అయింది. అన్న పైగదిని ఒక ఇన్సూరెన్స్ ఏజెంటుకు కిరాయికి ఇచ్చాడు. గ్రూపు ఇప్పటికీ ఉంది, పండగలకు దీపాల బొమ్మలు వస్తాయి. నేను పాటలు వినడం మానలేదు. మానేస్తానని అనుకున్నాను గానీ, అది కూడా చేయలేకపోయాను. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి, చెవులకు తగిలించుకుని వింటాను. బాగానే ఉంటాయి.

మొన్న ఎండాకాలం దేవరకొండ రోడ్డు మీద బండి మీద పోతున్నాను. వాడూ, వాడి భార్యా రోడ్డు పక్కన నడుస్తున్నారు. ఆమె లారీలు పోయే వైపు నడుస్తూ, వాణ్ని మోచేయి పట్టుకుని లోపలి వైపు ఉంచుకుంది. అలవాటు కొద్దీ హారన్ కొట్టాను. ఆమె తిరిగి నన్ను చూసింది. వాడు చూడలేదు. నేను బండి నెమ్మది చేశాను, వాడికి చెబుతుందేమోనని. ఆమె చెప్పలేదు. ముందుకు తిరిగి, వాడి మోచేయి ఇంకొంచెం గట్టిగా పట్టుకుని నడిచింది.